21 అడుగుల బోటుకు వెనుక లంగరు: లేనియర్ సరస్సులో ఏది నిలబడుతుంది?

లంక అల్లుడు

అందరికీ నమస్కారం. మేము అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటాము. రెండేళ్ల కిందట ఒక పాత బౌరైడర్ (ముక్కు భాగంలో కూడా సీట్లుండే పడవ) కొన్నాను. 21 అడుగులు, స్టెర్న్‌డ్రైవ్ ఇంజను, అంటే ఇంజను లోపల, ప్రొపెల్లర్ ఉన్న డ్రైవ్ వెనుక బయట. పడవ నడపడం వచ్చేసిందని అనుకుంటూ వచ్చాను. ఆపడం రాదని పోయిన నెలలో తెలిసింది.

మే చివరి శనివారం సరస్సులో ఒక చిన్న దీవి దగ్గర పడవ ముక్కును ఇసుకకు ఆనించి, ముందు లంగరును ఒడ్డు మీదికి మోసుకెళ్లి గుచ్చాను. వెనుక భాగం నీళ్లలో తేలుతూ ఉంది. పిల్లలు మోకాలి లోతులో ఆడుకుంటున్నారు, మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీస్తోంది, మామగారు పడవలోనే వెనుక సీట్లో కూర్చున్నారు. అప్పుడు కాస్త దూరంలో ఒక వేక్ బోట్ మలుపు తిరిగింది. పెద్ద అలలు లేపడానికే పుట్టిన పడవ అది. మొదటి అలకు మా వెనుక భాగం ఒక అడుగు జరిగింది. రెండో అలకు ఇంకో రెండడుగులు. అయిదో అల వచ్చేసరికి పడవ మొత్తం ఒడ్డుకు అడ్డంగా తిరిగి, వచ్చిన ప్రతి అలకూ పొట్టను రాళ్లకేసి కొట్టుకుంది. నేను నడుము లోతులో నిలబడి పడవను భుజంతో నెడుతున్నాను. ఏనుగును నెట్టినట్టే ఉంది. డ్రైవ్ పైకెత్తడం మరిచాను కాబట్టి ప్రొపెల్లర్ రెక్క ఒకటి వంగింది. దాన్ని సరిచేయించడానికి 140 డాలర్లు అయ్యాయి. పులిహోర సరస్సు పాలు.

ఆ సోమవారమే ఒక దుకాణానికి వెళ్లి వెనుకకు ఇంకో లంగరు కావాలన్నాను. అక్కడి అబ్బాయి నీలం పూత వేసిన 15 పౌండ్ల పుట్టగొడుగు లంగరు చేతిలో పెట్టాడు. ఆ వారాంతంలో దాన్ని వేశాను. అల వచ్చినప్పుడల్లా అది తల్లి వెనుక బాతుపిల్లలా పడవ వెంట వచ్చేసింది.

ఇక మామగారు. ఆయన కోటిపల్లి రేవుకు దగ్గరలో లంకలో పుట్టి పెరిగిన మనిషి. ఒడ్డుకు వచ్చాక తీరిగ్గా అడిగారు: "వెనుక ఒక గడ పాతి కట్టేస్తే కదులుతుందా బాబూ? ఇంత డబ్బు పోసి కొన్నావు, ఒక వెదురు గడ ఇవ్వలేదా వాళ్లు?" నా దగ్గర జవాబు లేదు.

అడగదలచుకున్నవి ఇవి. వెనుక లంగరుగా ఏ రకం, ఎంత బరువు? గొలుసు తప్పనిసరా? తాడు ఎంత పొడవు? వెనుక ఉన్న రెండు క్లీట్లలో (తాడు చుట్టి కట్టే కొమ్ములు) దేనికి కట్టాలి? 150 డాలర్ల వరకు పెట్టగలను. మా ఆవిడ కూడా ఒక్కతే ఎత్తగలిగేలా ఉండాలి. ఇంకొకటి: ఉదయం పూట చేపలు పట్టేటప్పుడు ముందు లంగరు జోలికి పోకుండా వెనుకది ఒక్కటే వేసుకుంటే సరిపోతుందా? నేను కూర్చునేది ఎలాగూ వెనుకే.

---

పాంటూన్ బాబాయి

మాది షార్లెట్ పక్కన నార్మన్ సరస్సు, 24 అడుగుల పాంటూన్, అంటే గొట్టాల మీద తేలే చదును పడవ. నేను పెట్టె లంగరు వాడతాను. మడిస్తే పలకలా సర్దుకుంటుంది, తెరిస్తే నాలుగు వైపులా పళ్లున్న పెట్టె అవుతుంది. ఎటు పడినా ఏదో ఒక పళ్ల వరుస నేలకు తగులుతుంది, గొలుసు అవసరం లేదు, తాడు కూడా పెద్దగా వదలనక్కర లేదు. నాది 19 పౌండ్లు. అయిదేళ్లలో రెండుసార్లు మాత్రమే జారింది, ఆ రెండుసార్లూ తప్పు నాదే.

ఒక్క చిక్కు, బురదతో పైకి వస్తుంది. పళ్ల సందుల్లో పట్టిన ఎర్రమట్టి కడగడానికి నాకు ఒక బకెట్, ఒక బ్రష్, బోలెడంత ఓపిక కావాలి. మా అమ్మాయి దాన్ని "నాన్న మొక్కలకుండీ" అంటుంది.

---

పొదుపు

ఇన్ని డాలర్లు ఎందుకండీ? అయిదు గ్యాలన్ల బకెట్‌లో కాంక్రీటు పోసి, మధ్యలో ఇనుప కొక్కెం దింపండి. 15 డాలర్లలో అయిపోతుంది. 60 పౌండ్లకు పైనే ఉంటుంది. ఏ అలకు కదులుతుంది?

---

రెండు తాళ్లు

లంక అల్లుడు గారూ, నేను పన్నెండేళ్లు లేనియర్ ఒడ్డున ఉండి, ఇప్పుడు టాంపాకు మారాను. ఆ సరస్సుకు మూడు లంగర్లు సమర్పించుకున్నాను. ఒకటి నీటి అడుగు చెట్టుకు, ఒకటి ముడి సరిగా వేయక, ఒకటి తాడు రెండో కొసను పడవకు కట్టకుండానే విసిరి. ఆ మూడోదాన్ని మా ఇంట్లో పండగకు చుట్టాలు వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తారు.

మీ ప్రశ్నల్లో చివరిది ముందు చెబుతాను, ఎందుకంటే మిగతావాటిలో తప్పు చేస్తే డబ్బు పోతుంది, దీనిలో చేస్తే ప్రాణం పోతుంది. వెనుక లంగరు ఒక్కటే ఎప్పుడూ వేయకండి. చేపలకైనా సరే, పది నిమిషాలకైనా సరే. మీ పడవ ముక్కు ఎత్తుగా, వాలుగా ఉంటుంది, అలను చీల్చి పైకి లేస్తుంది. వెనుక భాగం పలకలా నిటారుగా, నీటికి అడుగున్నరో రెండడుగులో ఎత్తులో ఉంటుంది. ఇంజను బరువు అక్కడే. మీరూ అక్కడే కూర్చుంటానంటున్నారు. దాని మీద ఇంకా తాడు కిందికి లాగుతూ ఉంటే, గాలీ అలా వెనుక నుంచి వచ్చాయనుకోండి, మొదటి అల లోపలికి దూకుతుంది. లోపలికి వచ్చిన నీళ్లు వెనుకకే చేరి దాన్ని ఇంకా కుంగదీస్తాయి. రెండో అలకు అడ్డేమీ ఉండదు. నదిలోనో సముద్రపు పాయలోనో అయితే అల కూడా అక్కర లేదు, ప్రవాహం ఒక్కటే చాలు. వెనుక లంగరు ఎప్పుడూ రెండోదే. ముందు భాగం ఒడ్డుకో, ముందు లంగరుకో కట్టి ఉన్న తరువాతే దాని పని మొదలవుతుంది.

ఇప్పుడు పొదుపు గారి బకెట్. కాంక్రీటు నీళ్లలో మునిగితే తన బరువులో దాదాపు 40 శాతం పోగొట్టుకుంటుంది. అంటే 60 పౌండ్లు మీ నడుముకే, సరస్సు అడుగున అది 36 పౌండ్ల బండ. ఇనుము అయితే ఎనిమిదో వంతు మాత్రమే పోగొట్టుకుంటుంది. అయినా అసలు విషయం బరువు కాదు. బండ నేల మీద కూర్చుంటుంది, లంగరు నేలలోకి దిగుతుంది. కూర్చున్నదాన్ని లాగవచ్చు, దిగినదాన్ని లాగితే ఇంకా దిగుతుంది. మీ పుట్టగొడుగు కూడా బండకు అక్కలాంటిదే. బోయాల కింద నెలల తరబడి మెత్తటి బురదలో కూరుకుపోయాక దాని పట్టు గట్టిదే. శనివారం పది గంటలకు వేసి నాలుగు గంటలకు తీసేవాళ్ల కోసం చేసింది కాదు. చిన్న డింగీకి, కాయక్‌కు పరవాలేదు.

ఏది కొనాలి? లేనియర్ అడుగు గురించి కొంచెం చెప్పాలి. 1956లో చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ పూర్తి చేసి ఆ లోయను ముంచారు. కాబట్టి మీ లంగరు దిగేది సహజమైన సరస్సు అడుగులోకి కాదు, ఒకప్పటి పొలాల్లోకి, దారుల్లోకి, అడవిలోకి. దీవుల ఒడ్డున ఎర్ర బంకమట్టి ఉంటుంది. నీటిమట్టం తగ్గినప్పుడు ఎండకు కాలి, మళ్లీ మునిగిన చోట అది గచ్చులాగా ఉంటుంది. వాగులు కలిసే మూలల్లో మెత్తటి ఒండ్రు. లోతుకు పోతే నరకకుండా వదిలేసిన చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 1,071 అడుగులు. వర్షాలు లేని ఏడాది శరదృతువులో మట్టం నాలుగైదు అడుగులు దిగినప్పుడు మీకు ఇష్టమైన దీవి చుట్టూ ఒకసారి నడవండి. వేసవిలో పడవ నిలిపే చోటు చాలావరకు అప్పుడు పొడి నేలగా కనిపిస్తుంది. ఎక్కడ రాళ్లు, ఎక్కడ మొద్దులు, ఎక్కడ మెత్తన, అన్నీ ఫోనులో ఫోటోలు తీసుకోండి. లంగరు మీద ఖర్చు పెట్టే ముందు ఉచితంగా దొరికే సరంజామా ఇదే.

నా ఓటు రెండు పలక రెక్కల లంగరుకు, అదే డాన్‌ఫర్త్ రకానికి. కారణం చెబుతాను, ఇది ఎక్కువమంది పట్టించుకోరు. ముందు లంగరుకు ఎదురయ్యే అసలు పరీక్ష గాలి దిక్కు మారడం. పడవ గుండ్రంగా తిరుగుతుంది, లాగే దిక్కు మారుతుంది, లంగరు ఊడి మళ్లీ దిగాలి. పలక రెక్కల రకానికి ఆ పరీక్షలోనే మార్కులు తక్కువ. నాగలి ఆకారంలోవి, పార ఆకారంలోవి ఖరీదు ఎక్కువైనా జనం కొనేది అందుకే. కానీ మీ వెనుక లంగరును ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి లాగుతారు, ఒడ్డు వైపు నుంచి. ముక్కు కట్టేసి ఉంది, పడవ తిరగదు. కాబట్టి ఆ ఖరీదైన గుణానికి అక్కడ పని లేదు. ఒకే దిక్కు లాగుడుకు, బరువుతో పోల్చి చూస్తే, పలక రెక్కలంత పట్టు మరొకదానికి లేదు. పైగా బల్లపరుపుగా సీటు కింద ఇమిడిపోతుంది.

మీ పడవకు ఇనుముదైతే 8 పౌండ్లది చాలు. అల్యూమినియం కావాలంటే ఫోర్ట్రెస్ ఎఫ్‌ఎక్స్-7 ఉంది, 4 పౌండ్లు. 16 నుంచి 27 అడుగుల పడవలకని చేశారు. మీ ఆవిడ ఒంటి చేత్తో ఎత్తుతారు. రెక్కల కోణం మామూలుగా 32 డిగ్రీలు, మెత్తటి బురదకు 45కు మార్చుకోవచ్చు. ఆ గచ్చు మట్టిలో 45 పెట్టకండి, రెక్క గుచ్చుకోకుండా దొర్లిపోతుంది. తేలికపాటిదానికి ఒక లోపం ఉంది: నీళ్లలోకి విసిరితే నేరుగా దిగదు, చేతిలోంచి జారిన విస్తరాకులా పక్కకు కొట్టుకుపోతుంది. గట్టి నేల మీద తనంతట తాను గుచ్చుకోవడానికి కూడా మొరాయిస్తుంది. కానీ మీ వెనుక లంగరు పడేది ఏడెనిమిది అడుగుల లోతులో. మీరు ఎలాగూ తడుస్తారు. లైఫ్ జాకెట్ వేసుకుని లంగరును చేత పట్టుకుని ఈది తీసుకెళ్లి వదలండి, ఆ తరువాత పడవలోంచి గట్టిగా లాగండి. ఇంకా తక్కువ లోతైతే రెక్కల మీద నిలబడి మడమతో తొక్కండి. దుకాణంలో అమ్మే ఏ సౌకర్యం కంటే మడమ మేలు.

పాంటూన్ బాబాయి గారి పెట్టె లంగరు చెడ్డది కాదు. పాంటూన్‌కు ముందూ వెనుకా చదునైన అరుగు ఉంటుంది, అక్కడ నిలబడి 19 పౌండ్లు ఎత్తవచ్చు. బౌరైడర్ వెనుక ఈత అరుగు మీద వంగి, తడి కాళ్లతో, పళ్లున్న ఇనుప పెట్టెను ఎత్తితే మొదట గీతలు పడేది మీ పడవ మెరుగు మీద, తరువాత మీ మోకాళ్ల మీద.

గొలుసు కావాలి, కానీ కొంచెమే. పావు అంగుళం గొలుసు నాలుగడుగులు, పైన ప్లాస్టిక్ పూత ఉన్నది. అది లంగరు కాడను నేలకు పడుకోబెట్టి ఉంచుతుంది, రాళ్ల దగ్గర తాడు అరగకుండా చూస్తుంది. తాడు 3/8 అంగుళం నైలాన్, మూడు పేటలది, 75 అడుగులు. నైలాన్ సాగుతుంది కాబట్టి అల కుదుపును మింగేస్తుంది. పసుపు రంగులో చవకగా దొరికే పాలీప్రొపిలీన్ తాడు మాత్రం వద్దు. అది నీటి మీద తేలుతుంది, పక్క పడవ ప్రొపెల్లర్‌కు దానికదే వడ్డించుకుంటుంది. పొడవు లెక్క ఇలా: లోతు 8 అడుగులు, మీ క్లీట్ నీటికి 2 అడుగుల ఎత్తు, మొత్తం 10. దానికి అయిదు రెట్లు, 50 అడుగులు. రాత్రి నిద్రకైతే ఏడు రెట్లంటాము, మధ్యాహ్న భోజనానికి అయిదు చాలు.

క్లీట్ విషయం. ఒక మూలకే కడితే పడవ ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి నిలుస్తుంది, తాడు డ్రైవ్ మీద రాసుకుంటుంది. పది అడుగుల ముక్క ఒకటి తీసుకుని రెండు క్లీట్లకు కట్టి, మధ్యలో లంగరు తాడును కొక్కెంతో తగిలించండి. అంబారీ తాళ్లలా రెండు వైపులా సమంగా లాగుతుంది. గాలి పక్క నుంచి వస్తున్న రోజు మాత్రం గాలి వచ్చే వైపు క్లీట్ ఒక్కదానికే కట్టండి.

వేసే పద్ధతిలో చాలామంది చేసే తప్పు ఒకటుంది, తాడును సడలనివ్వడం. లంగరును పడవలోంచే వేసేటట్లయితే, ఒడ్డుకు నాలుగు పడవల దూరంలో వదిలి, నెమ్మదిగా ముందుకు వెళ్తూ తాడు వదలాలి. ఆ తాడు పట్టుకునే మనిషికి వేరే పని ఏదీ చెప్పకండి. తాడు సడలితే ప్రొపెల్లర్ దాన్ని చుట్టేసుకుంటుంది. ఒడ్డు తగిలాక ఇంజను ఆపి, డ్రైవ్ ఎత్తి, ముందు లంగరు ఒడ్డున పాతి, అప్పుడు వెనుక తాడు లాగి బిగించండి. ముక్కు ఇసుక మీద కాకుండా మోకాలి లోతు నీళ్లలో తేలేలా ఉంచండి. అప్పుడు అల వస్తే పడవ లేచి దిగుతుంది, నేలకు తగలదు. మీ పొట్ట గీతలన్నీ ముక్కును ఇసుక మీద కూర్చోబెట్టినందుకే.

చెట్లున్న చోట ఇంకో సన్నని తాడును లంగరు తల దగ్గర, అంటే రెక్కల వైపు కట్టి, పైన చిన్న బెండు తేలేలా వదలండి. లంగరు ఇరుక్కుంటే వచ్చిన దారినే వెనక్కు లాగవచ్చు. నా మొదటి లంగరు ఇది తెలియక పోయింది. అలాగే మీ తాడు చివర ఒక ఫెండర్ (పడవ పక్కన వేలాడదీసే గాలి దిండు) కట్టి ఉంచండి. జార్జియా మధ్యాహ్నపు ఉరుముల వాన ముందస్తు నోటీసు ఇవ్వదు. పక్క గాలి గట్టిపడితే వెనుక తాడు విప్పి, ఫెండర్‌తో సహా నీళ్లలోకి వదిలేసి, పడవను గాలికి తిరగనివ్వండి. లంగరును తరువాత వచ్చి తెచ్చుకోవచ్చు. పడవను పక్కవాటుగా గాలికి అడ్డం కట్టి ఉంచితే, ముందు చెప్పిన పట్టు లెక్కలేవీ నిలబడవు.

ఆ వేక్ బోట్ గురించి: జార్జియాలో ఆగి ఉన్న పడవకు 100 అడుగుల లోపల నిదానంగానే వెళ్లాలి. చట్టం ఒక దూరం దగ్గర ఆగుతుంది, అల ఆగదు.

---

లంక అల్లుడు

రెండు తాళ్లు గారూ, మీ జవాబు మొత్తం మామగారికి చదివి వినిపించాను. "మడమతో తొక్కడం" దగ్గర తల ఊపారు. మిగతాదానికి ఆయన వ్యాఖ్య: "ఇంత పురాణం ఎందుకు, గడ అనవచ్చుగా."

---

రెండు తాళ్లు

ఆయన మాటలో తప్పు లేదండీ. నడుము లోతు లోపల గడను మించింది లేదు. ఇక్కడ ఫ్లోరిడాలో చేపల పడవల వెనుక మీట నొక్కితే నేలలోకి దిగే గడలు బిగించుకుంటారు, వేల డాలర్లు పెట్టి. చేత్తో గుచ్చుకునే ఫైబర్‌గ్లాస్ గడలు కూడా దొరుకుతాయి. ఇసుకలో, బురదలో బాగా దిగుతాయి. మీ గచ్చు మట్టిలో మాత్రం సుత్తి కావాలి. లోతు గడ పొడవును దాటితే లంగరే దిక్కు.

---

తూర్పు తీరం

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. నౌకాదళంలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. సరదా పడవల అనుభవం నాకు లేదు, కానీ మీ సమస్యను మేము వేల టన్నుల్లో చూశాము. ట్యాంకులు దించే ల్యాండింగ్ నౌకలను ఉద్దేశపూర్వకంగానే ఒడ్డుకు ఎక్కిస్తారు. ఒడ్డు చేరడానికి ముందే, సముద్రంలో ఉండగానే, వెనుక లంగరు వదులుతారు. గొలుసు బదులు ఉక్కు తాడు విప్పుకుంటూ ఓడ ఒడ్డుకు వెళ్తుంది. ముందు తలుపు తెరుచుకుని వాహనాలు దిగుతున్నంతసేపూ ఆ తాడు బిగిసి ఉండాలి. సడలిందా, అలలు ఓడ వెనుక భాగాన్ని పక్కకు నెట్టి ఒడ్డుకు అడ్డంగా పడేస్తాయి. మీ పడవకు జరిగిందీ అదే. పని అయ్యాక వెనుక వించ్ ఆ తాడును చుట్టుకుంటూ ఓడను మళ్లీ నీళ్లలోకి లాగుతుంది. ఇంజన్లు వెనక్కు తిప్పడం సహాయం మాత్రమే.

పైన ఒకరు చెప్పిన డాన్‌ఫర్త్ లంగరు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ల్యాండింగ్ క్రాఫ్ట్‌ల మీద ఈ పనికే పేరు తెచ్చుకుంది. తక్కువ బరువు, ఒకే దిక్కు లాగుడు, ఎక్కువ పట్టు. కాబట్టి మీ పులిహోర పడవకు వాళ్లు చెప్పినది సరైన వంశంలోదే.

ఇంకో మాట బాబూ. మన మత్స్యకారుల మాటల్లో పడవ ముందు భాగం అణియం, వెనుక భాగం అమరం. మీ మామగారికి "అమరం లంగరు" అని చెప్పి చూడండి, పురాణం అనరు.

---

లంక అల్లుడు

మూడు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

అల్యూమినియం 4 పౌండ్లది కొన్నాను. నాలుగడుగుల గొలుసు, 75 అడుగుల తాడు, రెండు షాకిళ్లు (లంగరును, గొలుసును, తాడును కలిపే ఇనుప కడియాలు) కలిపి 150 దాటింది, ఎంత దాటిందో ఇంట్లో చెప్పలేదు. షాకిల్ మర ఊడకుండా సన్నని తీగతో కట్టాను, ఇది ఎవరూ చెప్పలేదు కానీ గొలుసు చేతిలోకి తీసుకోగానే తట్టింది.

మొదటి శనివారం పూర్తిగా నా తెలివితక్కువతనం. తాడు వదిలే పని మా పెద్దవాడికి అప్పగించాను, వాడి వయసు పదకొండు. సగంలో ఒక కొంగ కనిపించింది వాడికి. తాడు సడలింది. నేను ఇంజను ఆపేశాను కాబట్టి ప్రొపెల్లర్‌కు ఒక్క చుట్టే పడింది, ఈత కొట్టి విప్పాను. రెండోసారి ఆ పని మామగారు తీసుకున్నారు. ఆయన తాడు వదిలే తీరు చూడాలి. వేళ్ల మధ్య ఒక్కో మూర లెక్కపెట్టినట్టు జారవిడుస్తారు, ఎక్కడా సడలదు, ఎక్కడా బిగుసుకోదు. ముప్పై ఏళ్లుగా పడవ ముట్టని మనిషి.

లంగరు తనంతట తాను దిగలేదు, గచ్చు మీద గీరుకుంటూ ఆరేడు అడుగులు వచ్చింది. ఈది వెళ్లి మునిగి చూస్తే రెక్కల కొసలు మట్టిని గోకి వదిలేశాయి. కొంచెం పక్కకు, మెత్తగా ఉన్న చోటికి మార్చి, మునిగి రెండు చేతులతో గుచ్చి, పైకి వచ్చి లాగాను. ఆ తరువాత నేను లాగినా రాలేదు, మామగారు, నేను కలిసి లాగినా రాలేదు. రెండు క్లీట్లకూ తాడు వేసి, ముక్కును మోకాలి లోతులో తేలనిచ్చాము. మధ్యాహ్నం మళ్లీ ఒక వేక్ బోట్ వచ్చింది, అదేనో వేరేదో. నేను లేచి నిలబడిపోయాను. పడవ నాలుగుసార్లు తల ఊపింది, వెనుక తాడు నీళ్లు చిమ్ముతూ బిగిసింది, సడలింది, అంతే. మా ఆవిడ పులిహోర డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూత మీద చెయ్యి తీయలేదు, నమ్మకం కుదరడానికి ఇంకా సమయం పడుతుందట.

సాయంత్రం తీసేటప్పుడు ఒక ఇబ్బంది. అంత గట్టిగా దిగినది అడ్డంగా లాగితే రాదు. పడవను దాని నెత్తి మీదికి తెచ్చి, తాడు నిలువుగా బిగించి క్లీట్‌కు కట్టి, రెండు నిమిషాలు ఆగితే, పక్క పడవల చిన్న అలలకు మెల్లగా ఊడింది. అయితే దాన్ని వెనుక నుంచి కాకుండా ముందుకు తెచ్చి ముక్కు మీది క్లీట్‌కు కట్టి తీశాను. రెండు తాళ్లు గారు చెప్పిన ఆ వెనుక పలక, నీళ్లు లోపలికి దూకడం గుర్తుంది.

తూర్పు తీరం గారూ, "అమరం" అనగానే మామగారి ముఖం మారిపోయింది. వాళ్ల నాన్నగారు అనేవారట ఆ మాట. అప్పటి నుంచి మా పిల్లలు కూడా అమరం అంటున్నారు. అణియం మాత్రం నోరు తిరగడం లేదు.

గడ సంగతి కూడా ముగిసింది. ఆయనే ఎక్కడో పన్నెండడుగుల వెదురు సంపాదించారు. పడవలో పట్టదు, కారు మీద కట్టి తెస్తున్నారు.

నీలం పూత వేసిన 15 పౌండ్ల పుట్టగొడుగు లంగరు గరాజ్‌లో ఉంది. దాదాపు కొత్తది. కమ్మింగ్ దగ్గర ఎవరికైనా కావాలంటే ఉచితం.

---

పొదుపు

నాకు కావాలి. గరాజ్ తలుపు గాలికి మూసుకుపోతోంది.